సంఘానికి సువార్త పని నిజంగా అంత అవసరమా? పరకాల తమ్ముడికి నా జవాబు

వందనాలు తమ్ముడూ.

మిగతా వాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. పరకాల దగ్గర ఒక ఊళ్ళో మీ సంఘం ఉంది, యాభై అరవై కుటుంబాలు. ఆదివారం ఆరాధన, స్త్రీల కూడిక, క్రిస్మస్, ఈస్టర్ అన్నీ మంచిగానే నడుస్తున్నాయి. బయటివాళ్ళకు సువార్త చెప్పే పని మాత్రం ఏళ్ళ కిందటే ఆగిపోయింది. నువ్వు ఆ మాట ఎత్తితే పెద్దలు "ముందు ఉన్నవాళ్ళను నిలబెట్టుకుందాం, బయట రోజులు బాగాలేవు, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు. సువార్త సంఘానికి నిజంగా అంత ముఖ్యమా, ముఖ్యమైతే గొడవ లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలి, ఇదీ నువ్వు అడిగింది.

ముఖ్యమే. ఎంత ముఖ్యమంటే, సువార్త చెప్పడం మానేసిన సంఘం బయటివాళ్ళ కంటే ముందు తన సొంత పిల్లలను పోగొట్టుకుంటుంది. హన్మకొండ చుట్టుపక్కల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు సంఘాల్లో పెద్దలకు, సేవకులకు తర్ఫీదు ఇచ్చే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, మైకుతో కాదు, స్టేజీతో కాదు, కరపత్రాల కట్టతో కూడా కాదు. మీ సంఘంలో ఉన్న ఒక్కో మనిషి తాను ఏం నమ్ముతున్నాడో, ఎందుకు నమ్ముతున్నాడో పక్కింటివాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగేలా చేయడంతో మొదలుపెట్టు. మిగతాదంతా దాని తర్వాత.

పిల్లల మాట ఎందుకు ముందు ఎత్తానో చెబుతాను. మన ప్రాంతంలో చాలా సంఘాల్లో ఇప్పుడున్నది మూడో తరం, నాలుగో తరం. తాత ఎన్నో మాటలు పడి, ఊరిబావి దగ్గర అవమానాలు పడి బాప్తిస్మం తీసుకున్నాడు. తండ్రి ఆ కథ విని పెరిగాడు. మనుమడికి ఆ కథ కూడా తెలియదు, వాడికి తెలిసింది ఆదివారం తెల్ల చొక్కా వేసుకొని గుడికి పోవడం, డిసెంబరులో స్టార్ కట్టడం, అంతే. వాడు ఇంజనీరింగుకో డిగ్రీకో హైదరాబాద్ పోతాడు, హాస్టల్లో పక్క మంచం పిల్లవాడు మామూలుగానే "మీరెందుకు చర్చికి పోతరు, అసలేముంటది అక్కడ" అని అడుగుతాడు, వీడి దగ్గర జవాబు ఉండదు. జవాబు లేనివాడు ముందు సిగ్గుపడతాడు, తర్వాత ఆ సంగతే దాచిపెడతాడు, చివరికి నిజంగానే వదిలేస్తాడు. తల్లిదండ్రులు "సిటీకి పోయి చెడిపోయిండు" అని ఏడుస్తారు. సిటీ ఏమీ చెడగొట్టలేదు, ఇంట్లో వాడికి ఆ మాటలు ఎవరూ అందించలేదు. సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేయించాం, మంచిదే. కానీ అమ్మ పక్కింటి ఆమె పక్కన కూర్చొని "నాకు ఆ రోజు ఇట్ల ధైర్యం వచ్చింది" అని చెబుతుంటే గడపలో కూర్చొని విన్న పిల్లవాడికి అందేది వేరు. అమ్మ బయటి మనిషికి చెప్పే ఇల్లయితేనే పిల్లవాడు అది వింటాడు.

ఇంకో సంగతి చూడు. కొత్త మనిషి సంఘంలోకి వస్తే పాతవాళ్ళు మేలుకుంటారు. మహబూబాబాద్ వైపు ఒక సంఘంలో బుధవారం బైబిల్ స్టడీకి ఒక ఆటో నడిపే అతను కొత్తగా రావడం మొదలుపెట్టాడు. రెండు మూడు వారాలు ఊరికే విన్నాడు. ఒకరోజు చేయెత్తి, "అయ్యగారూ, ఏసుప్రభు అప్పుడెప్పుడో సచ్చిపోతే ఇప్పుడు నాకెట్ల మేలైతది? జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అన్నాడు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా ప్రతి ప్రార్థనలో సిలువ, రక్తం, పాపక్షమాపణ అని పలుకుతున్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టర్ గారు మంచి మనిషి, వెంటనే జవాబు చెప్పి ముగించకుండా "వచ్చే వారం మనలో ముగ్గురు ఈయనకు జవాబు చెప్పాలి, ఇంట్లో చదువుకొని రండి" అన్నారు. ఆ వారం ఆ ఊళ్ళో బైబిళ్ళు తెరుచుకున్నట్టు ఎన్నో ఏళ్ళలో తెరుచుకొని ఉండవు. ఆ ప్రశ్న మీద కొన్ని వారాలు నడిచింది. ఒక ప్రసిద్ధ ప్రసంగీకుడిని పిలిచి మూడు రాత్రులు ఉజ్జీవ కూడికలు పెట్టినా రాని ఫలం అది.

తోడని బావిలో నీళ్ళు పాచి పడతాయి. బయటికి పోయే పని లేని సంఘంలో శక్తి ఊరికే ఉండదు, లోపలికి తిరుగుతుంది. కమిటీ ఎన్నికలు, కోశాధికారి లెక్కలు, స్థలం గొడవలు, క్రిస్మస్ రోజు ముందు కుర్చీ ఎవరిది, క్వయర్‌లో పాట ఎవరు ఎత్తుకోవాలి. కోర్టుదాకా పోయిన సంఘాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు. అవి ఎందుకు అట్లా అయ్యాయని నన్ను అడిగితే చాలా కారణాలు చెబుతాను గానీ, ఒక కొత్త కుటుంబాన్ని ఎట్లా ఆదరించాలని తలలు పట్టుకొని కూర్చున్న కమిటీకి కుర్చీల కోసం కొట్లాడే తీరిక ఉండదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను.

వాక్యంలో కూడా ఇదే వరుస. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం తీసి చూడు. హింస వచ్చినప్పుడు అపొస్తలులు యెరూషలేములో ఉండిపోయారు, చెదిరిపోయిన మామూలు విశ్వాసులు వెళ్ళిన చోటల్లా సువార్త చెప్పారు. 11వ అధ్యాయంలో అంతియొకయ సంఘం పుట్టింది, ఎవరు పెట్టారు? కుప్ర, కురేనే నుంచి వచ్చిన కొందరు, అంతే, పేర్లు కూడా లేవు. శిష్యులను మొదట "క్రైస్తవులు" అని పిలిచింది ఆ సంఘం దగ్గరే, తర్వాత పౌలును, బర్నబాను పంపిందీ ఆ సంఘమే. పేరు లేని మనుషులు మొదలుపెట్టిన పని అది. "మా దగ్గర గొప్ప ప్రసంగీకులు లేరు" అనే సంఘాలకు నేను మొదట చదివించేది ఈ భాగమే.

మన తెలుగు సంఘ చరిత్ర కూడా అంతే. మిషనరీల పేర్లు మనకు కంఠస్థం, ఒంగోలు వైపు యర్రగుంట్ల పేరయ్య పేరు మాత్రం చాలామందికి తెలియదు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తన వాళ్ళున్న పల్లెలకు వెళ్ళి, తన మనుషులకు, తన మాటల్లో చెప్పాడు. ఆ తర్వాత అక్కడ జనం వేలల్లో విశ్వాసంలోకి వచ్చిన పెద్ద కదలికకు దారి వేసింది ఆయనే. అక్కడ పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారికి ఊళ్ళు తెరుచుకున్నాయంటే పేరయ్యలాంటి వాళ్ళు ముందు నడిచారు కాబట్టి.

ఇక మన ఇంటి పక్కనే ఉన్న డోర్నకల్. వి.ఎస్. అజరయ్య గారిది తిరునల్వేలి ప్రాంతం, తమిళుడు, ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయంలో, మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఈ నేల మీదే పనిచేశాడు. డోర్నకల్ పోతే ఎపిఫనీ కెథడ్రల్ చూసి ఫొటోలు దిగి వస్తారు, ఆయన పద్ధతిని మాత్రం ఎవరూ చూసి రారు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళతో తమ చేతులు తమ తలల మీద పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనే అర్థం వచ్చే మాట చెప్పించేవాడు. మొదటి కొరింథీయులకు 9వ అధ్యాయంలో పౌలు మాట అది. ఎవరితో చెప్పించాడో గమనించు. పాస్టర్లతో కాదు. చదువురాని పాలేర్లతో, కూలికి పోయే ఆడవాళ్ళతో. సంవత్సరంలో ఒక వారం సాక్ష్యపు వారంగా పెట్టి సంఘస్థులందరినీ చుట్టుపక్కల పల్లెలకు పంపేవారు. ఆ మనుషుల బతుకులు మారడం, తాగుడు మానడం, పిల్లలను బడికి పంపడం కళ్ళారా చూసే ఇతర కులాలవాళ్ళు కూడా సంఘంలోకి వచ్చారు. అంటే సువార్త అనేది సంఘం నెలకొకసారి పెట్టుకునే ప్రోగ్రామ్ కాదు, సంఘంలో సభ్యుడు కావడంలోనే ఆ పని ఉంది.

మీ పెద్దల మాటలకు వస్తాను, వాళ్ళను తేలిగ్గా తీసుకోవద్దు. "ముందు ఉన్నవాళ్ళను చూసుకుందాం" అనేది సగం నిజం. ఉన్నవాళ్ళలో ఆకలి ఉంటే, విధవరాలిని అడిగే దిక్కు లేకపోతే, తాగి భార్యను కొట్టేవాడు కమిటీలో కూర్చుంటే బయటికి పోయి ఏం చెబుతారు? అది ముందు సరిదిద్దుకోవాల్సిందే. కానీ ఉన్నవాళ్ళు పూర్తిగా నిలబడ్డాకే బయటికి పోదాం అనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు, ఎందుకంటే వాళ్ళు నిలబడేది కూడా చెప్పడం మొదలుపెట్టాకే. రెండూ కలిసే నడవాలి.

"బయట రోజులు బాగాలేవు" అనే మాటను నేను ఇంకా గంభీరంగా తీసుకుంటాను, ఊళ్ళో తలకాయలు పగిలితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది ఆ పెద్దలే. చట్టం ఏం చెబుతుందో ముందు తెలుసుకో. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అనుసరించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు పెట్టి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. నీ మతం గురించి వివరించి చెప్పే హక్కు నీకుంది, ఇంకొకరిని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదు. ఈ తీర్పు విని కొందరు పాస్టర్లు బాధపడతారు, నాకైతే అందులో బాధపడాల్సింది కనిపించదు. మనిషిని మార్చడం మన చేతిలో ఉందని మన విశ్వాసమే చెప్పదు. చెప్పడం మన పని, హృదయం తెరవడం దేవుని పని. ఆ గీత మనకు తెలిస్తే సగం గొడవలు రానే రావు.

బహిరంగ సభ పెడితే, మైకు పెడితే పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వద్దు, నిబంధన కూడా అదే. పరీక్షల రోజుల్లో పగలు కూడా తగ్గించండి. హిందువుల గుళ్ళ ముందు, మేడారం జాతర దారిలో, బతుకమ్మ ఆడే చోట కరపత్రాలు పంచడం నాకు ససేమిరా ఇష్టం లేదు. తన దేవత దగ్గరికి భక్తితో పోతున్న మనిషిని దారిలో ఆపి నీ దేవుడు కాదు నా దేవుడు అంటే వినే మనసు వాడికి ఎట్లా ఉంటుంది? మన క్రిస్మస్ ఆరాధన గుమ్మం దగ్గర ఎవరైనా అట్లా నిలబడితే మనకెట్లా ఉంటుంది? ఇతరుల దేవుళ్ళను తిట్టే ప్రసంగీకుడిని మీ సంఘం పల్పిట్ ఎక్కించవద్దు, ఎంత పేరున్న వాడైనా సరే. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో, మనలో ఉన్న నిరీక్షణ గురించి అడిగిన ప్రతివానికీ "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమన్నాడు. ఆ రెండు మాటలు వదిలేసి మిగతా వాక్యం పట్టుకుంటే అది సువార్త కాదు.

ఇప్పుడు పని ఎట్లా మొదలుపెట్టాలో.

నేను ఏ సంఘానికి పోయినా మొదట చేయించేది ఒకటే. సాయంత్రం ఒక ఇంట్లో పది పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని మూడు నిమిషాలు తమ సాక్ష్యం చెప్పమంటాను. షరతు ఏమిటంటే, గుడికి ఎప్పుడూ రాని పక్కింటి మనిషి ఎదురుగా కూర్చున్నట్టే చెప్పాలి. మొదట అందరూ ఆరాధనలో నిలబడి చెప్పినట్టే మొదలుపెడతారు, "ప్రభువు నన్ను తన ప్రశస్త రక్తముచేత విమోచించి" అంటూ. నేను ఆపి, "మీ చేను పక్క చేను ఆమెకు చెప్పండి" అంటాను. నర్సంపేట దగ్గర ఒక ఊళ్ళో ఇట్లాగే కూర్చున్నప్పుడు, పత్తి ఏరడానికి కూలికి పోయే ఒక అక్క, వేళ్ళ చివర్లంతా పత్తికాయ గీరుకుపోయిన చీలికలు, కొంగు చివర నలుపుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా మొగుడు పురుగుల మందు తాగి సచ్చిపోయిండు. అప్పులోళ్ళు ఇంటి ముంగట కూసున్నరు. నేను గూడ అదే డబ్బ పట్టుకున్న. పిల్లది లేసి ఏడ్సింది. ఆ రాత్రి మా వాడకట్టు ప్రార్థన అమ్మగారు వచ్చి నా పక్కన పండుకుంది, ఏం మాట్లాడలే, తెల్లారేదాంక నా చెయ్యి ఇడువలే. దేవుడు ఇట్లుంటడా అని అప్పుడు అనుకున్న. అప్పు ఇంకా ఉన్నది. నేను మాత్రం ఆ డబ్బ మల్ల ముట్టలే."

అంతే. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పు తీరిపోయిందని చెప్పలేదు చూశావా. అద్భుతం జరిగిందని పెంచి చెప్పలేదు. ఆమెకు నేను ఒక్క మాటే చెప్పాను, ఇందులో యేసు ఎవరో, ఆయన మన కోసం ఏం చేశాడో ఒక వాక్యం కలుపు, ఇంకేమీ మార్చకు అని. సాక్ష్యం ఒక్కటే అయితే అది నీ కథ అయిపోతుంది, వాక్యం ఒక్కటే అయితే అది పాఠం అయిపోతుంది, రెండూ ఉండాలి. అప్పుల వల్ల నలిగిపోయే రైతు ఇళ్ళు ఆమె చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలోకి ఏ ప్రసంగీకుడూ పోలేడు, ఆమె పోగలదు.

ఇది కొన్ని వారాలు చేశాక, ఒక్కొక్కరూ రెండు మూడు ఇళ్ళ పేర్లు రాసుకోవాలి, తమకు ఇప్పటికే రాకపోకలు ఉన్న ఇళ్ళు. చుట్టాలు, పక్క చేనువాళ్ళు, ఒకే ఆటోలో పోయేవాళ్ళు. ఆ పేర్లతో రోజూ ప్రార్థన చేయాలి. జ్వరమొస్తే పోయి చూడాలి, పెళ్ళయితే పోయి వడ్డించాలి. వాళ్ళు అడిగినప్పుడు చెప్పాలి, అడగరేమో అని భయపడవద్దు, ఏదో ఒక రోజు అడుగుతారు. అడిగాక కూడా వాళ్ళకు ఇష్టం లేకపోతే ఆపేయాలి, స్నేహం మాత్రం ఆపకూడదు. సువార్త వినలేదని రాకపోకలు మానేస్తే అప్పటిదాకా చూపిన ప్రేమంతా ఎర అని వాళ్ళు అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు.

కాలం కూడా చూసుకోండి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి తెంపే రోజుల్లో చేను నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది, ఇంకా వంట, నీళ్ళు. అప్పుడు పోయి గంటన్నర ప్రార్థన పెడితే మొహమాటానికి కూర్చుంటారు గానీ మనసు పొయ్యి మీద ఉంటుంది. పది నిమిషాలు చాలు. పంట పనులు తగ్గాక ఎండాకాలం సాయంత్రాలు తీరికగా ఉంటాయి.

అందరూ మరచిపోయే చోటు ఒకటుంది, సమాధి కార్యక్రమం. మన ఊళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళు మన కూడికకు ఎక్కువమంది వచ్చేది ఆదివారం కాదు, క్రిస్మస్ కూడా కాదు, చావుకు. ఊరంతా వస్తుంది. సర్పంచి, కుల పెద్దలు, దుకాణం సేటు, అందరూ చెట్టు కింద నిలబడి మనం ఏం మాట్లాడతామో వింటారు. ఆ రోజు సేవకుడు మైకు పట్టుకొని ఒకటిన్నర గంట నరకం గురించి అరిస్తే, చనిపోయినవాడి తల్లి ముందే "ఇప్పుడైనా మారండి, రేపు మీ వంతు" అని వేలు చూపిస్తే, ఊరు క్రైస్తవ్యం గురించి అదే గుర్తుపెట్టుకుంటుంది. నాకు దీని మీద చాలా బాధ ఉంది, ఎన్నో చోట్ల చూశాను. పదిహేను నిమిషాల వాక్యం, లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచిన సంగతి, పునరుత్థానం మీద మన ఆశ, కుటుంబానికి ఓదార్పు, ఒక పాట. తర్వాత సంఘంవాళ్ళు ఆ ఇంటికి అన్నం తీసుకుపోవాలి, ఒక్కరోజు కాదు, చుట్టాలంతా వెళ్ళిపోయాక కూడా. మీ సంఘంలో ఇది ఒక్కటి సరిగ్గా చేసినా ఊళ్ళో మీ మాటకు విలువ పెరుగుతుంది.

పెద్ద సువార్త సభల గురించి ఎక్కువ చెప్పను. ఒక సంఘం అప్పు చేసి మూడు రాత్రులు సభలు పెట్టింది, మైదానం నిండింది, వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ చుట్టుపక్కల సంఘాలవాళ్ళే. సభలైపోయాక కొన్ని కుటుంబాలు ఈ సంఘం నుంచి ఆ సంఘానికి మారాయి, పాస్టర్ల మధ్య మాటలు ఆగిపోయాయి, షామియానా బాకీ చాలాకాలం మిగిలింది. ఊరివాళ్ళకు మాత్రం ఏమీ అందలేదు. సభలు తప్పని అనను. ఇంటింటి పని నడుస్తున్న సంఘం సభ పెడితే దానికి అర్థం ఉంటుంది, పని లేని సంఘం పెడితే ఖర్చు మిగులుతుంది.

చేయకూడనివి కొన్ని ఖచ్చితంగా చెబుతాను, వీటిలో సర్దుబాటు లేదు.

డబ్బు, బియ్యం, ఉద్యోగం, పిల్లల ఫీజు ఆశ చూపి ఎవరినీ పిలవద్దు. సాయం చేయాలంటే ఎవరికైనా చేయండి, గుడికి వచ్చినా రాకపోయినా ఒకేలా చేయండి. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం వస్తున్నారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను అందరూ గొప్పగా చెబుతారు, దాని ముందు ఆయన ఓర్చుకొని ఆగిన నెలల గురించి ఎవరూ చెప్పరు. నాకు ఆ ఆగడమే పెద్ద పాఠం.

రోగుల కోసం ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి, కానీ "మందులు మానేయ్, విశ్వాసం ఉంటే చాలు" అనే మాట మీ సంఘం నోట రాకూడదు. బీపీ, షుగర్, టీబీ మందులు మధ్యలో ఆపి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళను చూశాను. ప్రార్థన చేసి, అవసరమైతే తోడుండి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా తీసుకుపోయి చూపించి తీసుకురండి.

పద్దెనిమిది నిండని పిల్లలకు ఇంట్లో తెలియకుండా బాప్తిస్మం ఇవ్వద్దు. ఒక అమ్మాయి, ఇంటర్ చదివేది, స్నేహితురాలితో కూడికలకు వచ్చి బాప్తిస్మం కావాలని పట్టుబట్టింది. పాస్టర్ గారు నన్ను అడిగితే, ముందు అమ్మానాన్నకు చెప్పమనండి, వయసు వచ్చేదాకా ఆగమనండి అన్నాను. ఆమెకు కోపం వచ్చింది, కొన్నాళ్ళు రాలేదు. తర్వాత ఇంట్లో చెప్పింది, తల్లి ఒప్పుకోలేదు, కానీ పాస్టర్ గారు ఆగమన్నారని తెలిసి కూడికకు పంపడం మాత్రం ఆపలేదు. ఇప్పటికీ ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, వస్తూనే ఉంది.

సర్టిఫికెట్ సంగతి దాచవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీలు క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు, కిందికి వస్తారు. లంబాడా, కోయ లాంటి ఎస్టీలకు మతాన్ని బట్టి హోదా పోదు. ఈ నిబంధన అన్యాయమని నేను నమ్ముతాను, దాని మీద ఎన్నో ఏళ్ళుగా పోరాటం నడుస్తోంది. కానీ బాప్తిస్మానికి ముందే మనిషికి ఇది విప్పి చెప్పాలి, ఇంట్లో ఆలోచించుకోనివ్వాలి. "సర్టిఫికెట్లో అట్లనే ఉండనియ్, ఎవరికి తెలుస్తది" అని సలహా ఇచ్చే సేవకుడు కొత్త విశ్వాసిని అబద్ధంతో మొదలుపెట్టిస్తున్నాడు. యేసే తన వెంట వస్తున్న జనంతో, గోపురం కట్టేవాడు ముందు ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పాడు.

బాప్తిస్మం వీడియోలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు. ఆ మనిషి రేపు తన ఊరికి, తన అత్తవారింటికి పోవాలి. నీకు అది లైకులు, వాళ్ళకు బతుకు.

చివరగా నోటికి రావడానికి కష్టమైన మాట. మన దగ్గర ఇంకా మాల సంఘం, మాదిగ సంఘం అని విడివిడిగా ఉన్నాయి, ఒకే సంఘంలో ఉన్నా పెళ్ళిళ్ళ దగ్గర, భోజనాల దగ్గర గీతలు ఉన్నాయి. బయటివాళ్ళు ఇది చూడరనుకోవద్దు. "మీ దేవుని దగ్గర గూడ ఇదే ఉన్నదిగదా" అని ఒక పెద్దమనిషి నా ముఖం మీదే అన్నాడు, దానికి ప్రసంగంతో జవాబు లేదు. మీ సంఘంలో ఈ గీత ఉంటే, సువార్త పనికి కమిటీ వేసేముందు అందరూ ఒకే వరుసలో కూర్చొని, ఒకరింటి వంట ఒకరు తినే ప్రేమవిందు నెలకోసారి మొదలుపెట్టండి. వండేవాళ్ళు ప్రతిసారీ మారాలి.

పెద్దలతో ఎట్లా మాట్లాడాలంటే, కమిటీ మీటింగులో అందరి ముందు లేచి "మనం సువార్త చేయడం లేదు" అనకు, అది వాళ్ళకు నింద లాగా వినిపిస్తుంది. వాళ్ళలో ఎవరి తండ్రో తాతో మొదట విశ్వాసంలోకి వచ్చి ఉంటారు కదా, వాళ్ళింటికి పోయి, "పెద్దనాయనా, మీ తాతకు ఎవరు చెప్పిండ్రు, ఎట్ల నమ్మిండు" అని అడుగు. తీరికగా కూర్చొని విను. తర్వాత అదే కథ ఆదివారం ఆరాధనలో పిల్లల ముందు చెప్పమని బతిమాలు. ఆ పెద్దమనిషి తన నోటితో ఆ కథ చెప్పాక నీ పని తేలికవుతుంది. డబ్బు అడగకు, ఈ పనికి మొదటి ఏడాది దాదాపు ఖర్చే లేదు, టీ ఖర్చు తప్ప. ఒక ఇల్లు, పదిమంది, వారానికి ఒక సాయంత్రం అడుగు. పాస్టర్ గారిని పక్కన పెట్టి మాత్రం చేయకు, ఆయనకు తెలియకుండా నడిచే గుంపు ఎంత మంచి ఉద్దేశంతో మొదలైనా చీలికగా మారుతుంది.

మీ ఊళ్ళో ఇతర మతాల పెద్దలతో మీ సంఘానికి ఇప్పుడు మాటలు ఉన్నాయో లేవో నువ్వు రాయలేదు. పాత గొడవలేమైనా ఉంటే, కేసులు నడుస్తుంటే అది ముందు చెప్పు, అప్పుడు పైన చెప్పిన వరుస కొంచెం మార్చాల్సి వస్తుంది.